ఎండలో ఆవిరి పట్టిన కెమెరా

ఇది చదివి, ఇతనికి ఇలాంటివాటి మీద ముందు నుంచే నమ్మకం ఉండి ఉంటుంది, అందుకే కనిపించాయి అనుకోవద్దు. నాకు నమ్మకం లేదు. మా ఇంట్లో ఎవరికీ లేదు. మా తాతగారు పత్తి మిల్లు నడిపిన రోజుల్లో గేటుకు నిమ్మకాయ కట్టనిచ్చేవారు కాదు. మిషను ఆగిపోతే మెకానిక్కును పిలవాలి గాని మంత్రగాణ్ణి కాదనేవారు. నేనూ ఆ మాట మీదే పెరిగాను.

ఆ మిల్లు ఇప్పుడు లేదు. మా నాన్నగారి హయాంలోనే చేజారింది. ఎలా చేజారిందన్నది ఇక్కడ అవసరం లేదు. పర్చూరు వైపు పెద్దవాళ్లు మా ఇంటిపేరు వింటే ఇప్పటికీ లేచి కుర్చీ వేస్తారు. అందుకే ఇంటిపేరు రాయడం లేదు.

నేను సీసీ కెమెరాలు బిగిస్తాను, బాగుచేస్తాను. చీమకుర్తి గ్రానైటు యూనిట్లలో రాతిపొడి పట్టినవీ, వాడరేవు దగ్గర ఉప్పుగాలికి తుప్పు పట్టినవీ ఎన్నో నా చేతి మీదుగా వెళ్లాయి. నేను సీలు వేసిన కెమెరాలోకి తేమ పోదని ఈ పనిలో నాకు పేరుంది. గొప్ప కోసం చెప్పడం లేదు. జరిగినదంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది కాబట్టి చెబుతున్నాను.

మా మిల్లు ఉన్న స్థలంలో ఇప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజి ఉంది. దాని ఓనరు సాంబశివరావుగారు. ఆయన దగ్గర నుంచి ఫోను వచ్చినప్పుడు వెళ్లాలా వద్దా అని ఒక పూటంతా ఆలోచించాను. ఆ గేటు లోపల అడుగుపెట్టి చాలా ఏళ్లయింది. చివరికి పని పనే అనుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

శివరాత్రి ఇంకా రాలేదు. తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతోంది. లోడింగు షెడ్డుకు ఎదురుగా ఇనప స్తంభం మీద ఉన్న కెమెరాకు రోజూ తెల్లారేసరికి అద్దం లోపలి వైపు ఆవిరి పడుతోంది. బొమ్మంతా పాలు ఒలికినట్టు తెల్లగా అయిపోయి, పొద్దెక్కాక దానంతటదే తేటపడుతోంది.

ఇందులో వింతేమీ లేదు. రాత్రంతా కెమెరాలోని దీపాలు వెలిగి లోపల వెచ్చగా ఉంటుంది. తెల్లారి అవి ఆరిపోగానే అద్దం చల్లబడుతుంది. లోపల తేమ ఉంటే ఆ అద్దం మీదికే చేరుతుంది. తేమ ఎటు నుంచి లోపలికి పోయిందో కనిపెట్టి ఆ దారి మూస్తే సరిపోతుంది.

సాంబశివరావుగారి బాధ వేరు. షెడ్డులో దింపిన మిర్చి బస్తాలు కొన్ని తగ్గాయి. కెమెరా తెల్లబడిన వేళల్లోనే పోయాయని ఆయన అనుకున్నారు. అనుమానమంతా వాచ్‌మన్ ఏసోబు మీద.

ఏసోబుకు యాభై దాటాయి. వాళ్ల నాన్న మా మిల్లులో పనిచేశాడు. అందుకే నన్ను చూడగానే “అబ్బాయిగారూ” అన్నాడు. అతని భార్య మరియమ్మ అదే షెడ్డులో పదిమంది ఆడవాళ్లతో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తుంది. ఇద్దరి కూడూ ఆ గేటు లోపలే.

“వీడు పైన వైరు బొక్కలో నీళ్లు పోస్తున్నాడండీ,” అన్నారు సాంబశివరావుగారు, ఏసోబు అక్కడే నిలబడి ఉండగా. “మీరు బాగుచేయండి. ఆ తర్వాత కూడా ఆవిరి పట్టిందంటే అది మనిషి పనే. ఇహ మాటల్లేవు, స్టేషన్‌లో అప్పజెప్పడమే.”

“నిచ్చెనెక్కితే నాకు కళ్లు తిరుగుతాయండి,” అన్నాడు ఏసోబు. “నేనెక్కడ పోసేది నీళ్లు?”

“కళ్లు తిరుగుతాయంట. టిక్కీ ఎత్తేప్పుడు తిరగవు గావాల.”

టిక్కీ అంటే మా వైపు మిర్చి బస్తా. తొడిమలు తీస్తున్న ఆడవాళ్లలో ఎవరో నవ్వారు. మరియమ్మ తల ఎత్తలేదు.

ఎండ బాగా కాసే దాకా ఆగి కెమెరా దించాను. గాలి పొడిగా ఉన్నప్పుడే విప్పాలి. పొద్దున్నే విప్పితే తడిగాలిని లోపల పెట్టి మూత వేసినట్టే. విప్పి చూస్తే రబ్బరు రింగు కూర్చునే గాడిలో కారం ధూళి, దానితో పాటు ఒక మిరప గింజ. ఆ గింజ మీద రింగు సరిగ్గా ఆనలేదు. వైరు వచ్చే రంధ్రంలో ఎవరో దూది కుక్కారు. పత్తి పండే ఊళ్లో చేతికి దొరికింది అదే కాబట్టి కుక్కేసి ఉంటారు. దూది నీళ్లను ఆపదు, తాగి నెమ్మదిగా లోపలికి అందిస్తుంది.

అంతా శుభ్రం చేశాను. కొత్త రింగు వేశాను. తేమ పీల్చే సిలికా జెల్ గుళికల పొట్లం లోపల పెట్టాను. ఆ గుళికలు పొడిగా ఉన్నంతకాలం నీలంగా ఉంటాయి, తేమ తాగితే గులాబీ రంగుకు తిరుగుతాయి. వైరు రంధ్రాన్ని సిలికాన్ పేస్టుతో మూసి, అలవాటు ప్రకారం చివర్న బొటనవేలితో నొక్కాను. నీటిబొట్టు వైరు వెంట జారి లోపలికి పోకుండా వైరును కిందికి ఒక వంపు తిప్పి కట్టాను.

ఇందులో మనిషి చేసిందేమీ లేదని సాంబశివరావుగారికి గింజా దూదీ చూపించి చెప్పాను. ఆయన వాటిని చూసి, “సరే, ఇప్పటిదాకా సంగతి అది. ఇప్పుడు మీరు సీలేశాక?” అన్నారు.

“నేను వేశాక గాలి కూడా దూరదండీ,” అన్నాను. ఆ మాట ఎవరి మెడకు చుట్టుకుంటుందో అప్పుడు ఆలోచించలేదు.

శివరాత్రి వెళ్లింది. మంచు పడిన ప్రతి ఉదయం నా ఫోనులోనే ఆ కెమెరా చూసుకునేవాణ్ణి. అద్దం తేటగా ఉండేది. షెడ్డు గోడ మీది మరకలు కూడా కనిపించేవి.

ఉగాది దాటాక, ఎండలు ముదిరి రోడ్డు మీద తారు మెత్తబడే రోజుల్లో, సాంబశివరావుగారు గుంటూరు నుంచి ఫోను చేశారు. ముందు రోజు మధ్యాహ్నం, షెడ్డులో వాళ్లు అన్నాలకు లేచిన వేళ, కెమెరా తెల్లబడింది. సాయంత్రం చూసుకుంటే మళ్లీ బస్తాలు తక్కువ.

“నీళ్లు కొట్టకపోతే ఈ ఎండలో ఆవిరేంటండీ?” అన్నారు. “నేను బయల్దేరుతున్నా. నేనొచ్చేలోపు మీరెళ్లి చూడండి. మీ సీలు గట్టిగా ఉందంటే చాలు, వాడి సంగతి నేను చూసుకుంటా.”

నేను వెళ్లేసరికి మళ్లీ అన్నాల వేళే అయింది. యార్డులో మనుషులు లేరు. ఏసోబు గేటు దగ్గర ఎండలోనే నిలబడి ఉన్నాడు.

“నేను ముట్టుకోలేదండి అబ్బాయిగారూ,” అన్నాడు. “మీరు చూస్తే తెలిసిపోద్ది.”

నిచ్చెన వేయించి, అతన్ని పట్టుకోమని ఎక్కాను. ఇనప స్తంభం చెయ్యి ఆనిస్తే కాలుతోంది. ముందు సీలు చూశాను. ఎక్కడా తెగలేదు. పేస్టు మీద నా బొటనవేలి ముద్ర అలాగే ఉంది. మూత మరల మీద గీత లేదు. వైరు వంపు నేను కట్టినట్టే ఉంది. కోల్డ్ స్టోరేజి తలుపు తీసినప్పుడు చల్లగాలి వచ్చి తగిలిందేమోనని అటు చూశాను. షట్టరు దించి ఉంది. అక్కడికీ ఈ స్తంభానికీ మధ్య లారీ తిరిగేంత జాగా ఉంది.

అద్దం తేటగానే ఉంది. ఇక దిగుదామనుకున్నాను.

అప్పుడు అద్దం మధ్యలో, లోపలి వైపు, పెసరగింజంత బూడిదరంగు మచ్చ పడింది. చూస్తుండగా అది రూపాయి బిళ్లంత అయింది, తర్వాత అద్దమంతా పరుచుకుంది. వెంటనే అంచుల నుంచి కరుగుతూ వెనక్కి వెళ్లి పూర్తిగా పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది.

చలికాలం బస్సు కిటికీ అద్దానికి మొహం ఆనించి కూర్చున్న మనిషిని చూసే ఉంటారు. ఊపిరి వదిలితే మసక, పీలిస్తే తేట. సరిగ్గా అలా. అదీ నిదానంగా తీసుకునే ఊపిరి కాదు. పరుగెత్తి వచ్చి ఆగిన మనిషిది.

నా ఊపిరే తగులుతోందనుకుని మొహం పక్కకు తిప్పుకున్నాను. మసక వస్తూ పోతూనే ఉంది. కెమెరా వేడికి ఏమైనా అవుతోందేమోనని కరెంటు వైరు ఊడదీశాను. కెమెరా ఆరిపోయింది. మసక ఆగలేదు. అద్దం మీద అరచెయ్యి పెట్టాను. అంచుల్లో అద్దం కాలుతోంది. మధ్యలో మాత్రం వెచ్చబడి చల్లబడుతోంది, వెచ్చబడి చల్లబడుతోంది.

“ఏంటండీ? ఏముందండీ?” అన్నాడు ఏసోబు కింద నుంచి.

నేను దిగి, అతన్ని ఎక్కమన్నాను. ఇంకో మనిషి చూడాలి, లేకపోతే నా కళ్లను నేనే నమ్మలేను. అతను నిచ్చెన వంక చూశాడు, నా వంక చూశాడు, ఒక్కో మెట్టూ పట్టుకుంటూ ఎక్కాడు. పైన అద్దానికి మొహం దగ్గరగా పెట్టి చూశాడు. దిగేటప్పుడు అతని పాదాలకు నేనే మెట్లు చూపించాల్సి వచ్చింది.

“అది ఊపిరండి,” అన్నాడు మెల్లగా. “లోపల ఎవురో ఉన్నట్టు.”

నేను మళ్లీ ఎక్కి మూత విప్పాను. విప్పగానే ఆగిపోయింది. లోపల సిలికా జెల్ గుళికలు, నేను పెట్టిన రోజు ఎలా ఉన్నాయో అలా, నీలంగా ఉన్నాయి. లోపలున్న తేమ చుక్కయినా వాటిని తాకలేదన్నమాట. కాని అద్దం లోపలి వైపు తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తడిసింది. ఆ తడిని వేళ్లతో నలిపి చూశాను. నీళ్లే.

అప్పటికి ఆడవాళ్లు అన్నాలు తిని షెడ్డులోకి వస్తున్నారు. గేటు బయట సాంబశివరావుగారి కారు హారను వినిపించింది. ఏసోబు గేటు తీయడానికి కదిలి, ఆగాడు.

“గాలీ ధూళీ అని చెప్పమాకండి అబ్బాయిగారూ. మీకేం కాదు. నేనే మంత్రగాడితో ఏదో కట్టించానంటారు.”

అతను చెప్పింది నిజమే. నాకు ఇంకొకటి కూడా తోచింది. ఈ స్థలం పోగొట్టుకున్నవాళ్ల వారసుణ్ణి నేను. ఇక్కడ ఏదో ఉందని నా నోటి నుంచి వస్తే, కొన్నవాణ్ణి చూసి ఓర్వలేక అన్నాడంటారు. ఆ మాట పడటానికి మా ఇంట్లో ఎవరూ పుట్టలేదు.

అంటే చెప్పగలిగినవి రెండే. సీలు గట్టిగా ఉందంటే ఏసోబు స్టేషనుకు వెళ్తాడు. లేదంటే సీలు కారిందనాలి.

సాంబశివరావుగారు కారు దిగుతూనే, “ఏవండీ, సీలెలా ఉంది?” అన్నారు. మరియమ్మ చేతిలో మిరపకాయ పట్టుకుని అలాగే నిలబడింది.

నేను గుడ్డ తీసి చూపించాను. “కారిందండీ. తప్పు నాది. నేనే సరిగ్గా వేయలేదు. వేడికి రింగు వదులై పాత తేమంతా పైకి తేలింది. ఇందులో మనిషి చెయ్యి లేదు.”

ఆయన ఆ గుడ్డను రెండు వేళ్లతో పట్టుకుని చూశారు.

“గాలి కూడా దూరదన్నారు?”

“అన్నానండీ.”

“పెద్దింటి వాళ్ల మాటని నమ్మి నేను వీణ్ణి లోపలేయించేవాణ్ణి గదండీ. పాపం నాకు చుట్టుకునేది.” షెడ్డు వైపు తిరిగి, “విన్నారా, కారిందంట,” అన్నారు. ఆడవాళ్లు గట్టిగానే నవ్వారు. నవ్వనిది మరియమ్మ ఒక్కతే.

నేను కెమెరా సంచిలో వేసుకుని, పని సామాను సర్దుకుని వచ్చేశాను. నడుము వంచకుండా గేటు దాటాననే అనుకుంటున్నాను.

ఆ కోల్డ్ స్టోరేజి పనులు వేరేవాళ్లకు వెళ్లాయి. వాళ్లు కొత్త కెమెరా పెట్టారు. దానికి ఆవిరి పట్టినట్టు నేను వినలేదు. పట్టినా నాకు చెప్పేవాళ్లు లేరు. చుట్టుపక్కల మిల్లుల్లో కొంతకాలం నా పేరు వస్తే, ఆయన సీలు కారుతుందటగా అనేవారు. వెళ్లిన చోట ఆ మాట విని ఊరుకునేవాణ్ణి. ఊరుకోవడం మాకు అలవాటు లేని పని.

పోయిన బస్తాలు ఆ ఏడాది సరుకు బయటికి తీసేటప్పుడు దొరికాయట. ఇంకో వ్యాపారి సరుకుతో కలిసి వేరే గదిలోకి వెళ్లిపోయాయట. కాబట్టి ఆ సంగతికి కారణం ఉంది. దొంగతనమే జరగలేదు. ఏసోబు గేటు దగ్గరే ఉన్నాడు. ఈమధ్యే తనంతట తనే మానేసి, చీరాల దగ్గర కూతురింటికి వెళ్లిపోయాడు. ఇప్పుడు నేను ఏం రాసినా అతనికి ఇబ్బంది లేదు.

ఆ కెమెరా మా ఇంట్లోనే ఉంది. అదే రింగు, అదే పొట్లం, వైరు చుట్టూ అదే పేస్టు. మూత మాత్రం బిగించాను. దాన్ని ఐసు పెట్టెలో పెట్టి ఎండలోకి తీశాను. రెండు వానాకాలాలు డాబా మీద వదిలేశాను. నీళ్ల బక్కెట్లో ముంచి రాత్రంతా ఉంచాను. ఆవిరి పట్టలేదు. గుళికలు ఇప్పటికీ నీలంగానే ఉన్నాయి.

సీలు కారలేదు. ఈ ముక్క ఎక్కడో ఒకచోట రాయాలని ఇన్నాళ్లూ ఆగాను. కాని అది రాసిన మరుక్షణం, మరి ఆ గుడ్డకు అంటిన తడి ఎక్కడిదని అడుగుతారు.