యాకయ్య చదివి వినిపించిన కాగితం

ప్రింటర్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితం గోరువెచ్చగా ఉంటుంది. జనగామ దగ్గర నేను పనిచేసే మిల్లు ఆఫీసులో రోజూ పొద్దున మొదటి కాగితం చేతికి తగిలినప్పుడు ఆ వెచ్చదనంతో పాటు కాలిన సిరాపొడి వాసన కూడా కొద్దిగా వస్తుంది. వెంటనే భూపాలపల్లిలో, ఆస్పత్రికి కొంచెం దూరంలో, రేకుల కింద ఉండే ఒక టైపు షాపు గుర్తొస్తుంది. ఆ షాపు యాకయ్య గారిది. ఆయన వకీలు కాదు, ఆఫీసరు కాదు. అర్జీలు, అఫిడవిట్లు, ఒప్పంద పత్రాలు టైపు చేసి బతికిన మనిషి. నాకు ఆయనతో పరిచయం మూడేళ్లే. నేను చెప్పబోయేది ముఖ్యంగా అందులో మొదటి గంట గురించి.

అప్పటికి నేను మెకానికల్ డిప్లొమా ముగించి, మొగుళ్లపల్లి వైపు ఒక కంకర మిల్లులో షిఫ్టు సూపర్‌వైజర్‌గా చేరి పద్నాలుగు నెలలైంది. నాకు జాబితాలు రాసే అలవాటు ఉంది. ఎవరు ఏ యంత్రం దగ్గర ఉన్నారు, ఏ బేరింగుకు ఎప్పుడు గ్రీజు పెట్టాం, ఏ మోటారు వేడెక్కుతోంది, అన్నీ షిఫ్టు రిజిస్టరులో రాసి, ఆ పేజీని ఫోనులో ఫొటో తీసుకునేవాణ్ని. ఎవరూ తీయమనలేదు. నాకు అలా ఉంటేనే మనసు కుదురుగా ఉండేది.

ఒక ఉదయం షిఫ్టులో నర్సయ్య అనే కూలీ చనిపోయాడు. అతనిది గంగారం వైపు గూడెం. భార్య సమ్మక్కతో కలిసి మిల్లు పక్కనే రేకుల గదిలో ఉండేవాడు. కంకరను పైకి మోసుకెళ్లే బెల్టు కింద పేరుకున్న రాళ్లు తీయమని అతన్ని పంపింది నేనే. బెల్టు ఆపి ఉంది. మనిషి కింద ఉన్నప్పుడు స్విచ్చుకు తాళం వేయాలని నేను పుస్తకంలో చదువుకున్నాను. మా మిల్లులో ఆ తాళం లేదు. లేదని నాకు తెలుసు. అవతలి వైపు ఉన్నవాళ్లు కింద మనిషి ఉన్నాడని తెలియక బెల్టు నడిపారు. ఇంతకంటే వివరంగా రాయలేను.

ఆ సాయంత్రమే మేనేజరు రిజిస్టరు అడిగాడు, ఇచ్చాను. కొత్తది మొదలుపెట్టమన్నాడు, పెట్టాను. మర్నాడు పొద్దున నా ఫోనుకు ఒక ఫైలు పంపి, వెంటనే తనే ఫోన్ చేశాడు. "శ్రీకాంత్, పోస్టుమార్టం అయితుంది. నర్సయ్య భార్య, ఆమె అన్న ఆస్పత్రి కాడనే ఉన్నరు. వాళ్లను తీస్కపోయి గిది ప్రింటు తీయించి సంతకాలు పెట్టించుక రా. నువ్వంటే వాళ్లకు నమ్మకం." నేను ఆ ఫైలు తెరవలేదు. తెరిస్తే అందులో ఏముందో తెలుస్తుందనే తెరవలేదు.

షాపుకు ముగ్గురం వెళ్లాం. సమ్మక్క రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. ఆమె అన్న లచ్చయ్య ఫోను ఆగకుండా మోగుతోంది. అంబులెన్సు డ్రైవరు. గంగారం దూరం, ఎండ ముదురుతోంది, ఇంకెంతసేపని అడుగుతున్నాడు. యాకయ్య గారు పొట్టిగా, మందపాటి కళ్లద్దాలతో, చొక్కా జేబు నిండా పెన్నులతో కూర్చుని ఉన్నాడు. నా ఫోనులోంచి ఫైలు తీసుకుని ప్రింటు కొట్టాడు. ఒకటే కాగితం వచ్చింది. నేను చేయి చాపాను. ఆయన ఇవ్వలేదు.

"సంతకం ఎవరిది?"

"ఈమెది. వేలిముద్ర వేస్తుంది."

"కూసో బిడ్డా" అని ఆమెకు స్టూలు జరిపాడు.

"సార్, అర్జెంటు. అంబులెన్సు ఆగి ఉంది" అన్నాను.

"జర ఆగు తమ్మీ. కింద ఏం రాసున్నదో చదువు."

చదివాను. చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని వేలిముద్ర వేయడమైనది అని ఉంది. అలాంటి పత్రాలన్నింటి చివరా ఉండే మాటే.

"మరి చదవాలె గద" అన్నాడాయన. అద్దాలు సరిచేసుకుని మొదటి పంక్తి నుంచి మొదలుపెట్టాడు. ముందు కాగితం మీదున్నది ఉన్నట్టు చదివేవాడు. తర్వాత అదే సంగతి ఆమె మాటల్లో చెప్పేవాడు. పేరు, భర్త పేరు, ఊరు. ఆమె ప్రతిదానికీ తల ఊపింది. రెండో పేరా దగ్గర ఆయన గొంతు మారలేదు. అదే తీరుగా చదివాడు. "మీ ఆయన ఆ పూట డ్యూటీల లేడట. సొంత పని మీద, ఎవరికి చెప్పకుండ మిల్లు లోపటికి పోయిండట. గిది నువ్వు చెప్పినవా బిడ్డా?"

సమ్మక్క మొదటిసారి కాగితం వైపు చూసింది. "నేనెందుకు చెప్త? పొద్దుగాల సద్ది కట్టిచ్చిన. పనికే పోయిండు. ఆడ ఏం పని చెప్పిండ్రో నాకు తెల్వది. గీ సారుకు తెలుసు."

లచ్చయ్య నా వైపు తిరిగాడు. "గట్ల రాసిండ్రా సారు?"

నా జేబులో ఫోను మోగింది. మేనేజరు. మోగి ఆగిపోయింది, మళ్లీ మోగింది. ఆ ఉద్యోగం దొరకడానికి నేను ఎనిమిది నెలలు తిరిగాను. ఇంటి దగ్గర మహబూబాబాద్‌లో చెల్లెలు చదువు, నాయిన మందులు నా జీతం మీదే నడుస్తున్నాయి. తెలియదనడం చాలా తేలిక. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. యాకయ్య గారు నన్ను అడగలేదు, బతిమాలలేదు. కాగితం మీద ఆగిన చోట వేలు పెట్టుకుని, అవతలి పంక్తికి పోవడానికి ఎదురుచూస్తున్నాడు, అంతే.

"డ్యూటీలోనే ఉన్నాడు. బెల్టు కిందికి పంపింది నేనే" అన్నాను.

యాకయ్య గారు శభాష్ అనలేదు, కోప్పడలేదు. "మరి గిది తెచ్చింది ఎవరు?"

"నేనే."

"సరే. ఇంక రెండు పేరాలున్నయ్" అని చదవడం కొనసాగించాడు.

మానవతా దృష్టితో కొంత సొమ్ము ఇస్తున్నారని ఒక పేరా. ఇకపై ఏ కోర్టులోనూ, ఏ ఆఫీసులోనూ ఏ హక్కూ కోరనని ఇంకొకటి. "ఇగ ఎన్నడు ఎవర్ని అడుగనని అన్నట్టు" అని వివరించాడు.

"పెట్టకపోతే శవాన్ని ఇయ్యరన్నరు సారు" అన్నాడు లచ్చయ్య, దాదాపు గొణుగుతూ.

"ఎవరన్నరు? పోస్టుమార్టం అయినంక పోలీసోళ్లు అప్పజెప్తరు. వాళ్ల రసీదు వేరే ఉంటది. దానికి దీనికి సంబంధం లేదు. నువ్వు పోయి శవాన్ని తెచ్చుకో."

సమ్మక్క లేచి నిలబడింది. "నేను దీని మీద వేలెయ్య" అంది. గొంతు పెంచలేదు.

తర్వాతి పావుగంటలో ఆయన చెప్పినవి నేను నా పాకెట్ పుస్తకంలో రాసుకున్నాను. ఇప్పటికీ వాటిని ఇతరులకు చెబుతుంటాను, కాబట్టి ఇక్కడ కూడా రాస్తాను. పనిలో మనిషి చనిపోతే పరిహారం ఎవరి దయా కాదు, చట్టం ఇచ్చిన హక్కు. దాన్ని యజమాని కార్మిక శాఖలో ఆ కేసులు చూసే అధికారి దగ్గర జమ చేయాలి. ఇలా చేతికిచ్చి కాగితం రాయించుకుంటే అది పరిహారం కింద లెక్కకు రాదు. కాబట్టి సంతకం పెట్టేసినవాళ్లు కూడా అంతా పోయిందనుకోవద్దు, వెళ్లి అడగాలి. కూలీకి ఈఎస్ఐ బీమా ఉంటే దారి వేరు. కుటుంబానికి నెలనెలా అక్కడి నుంచి వస్తుంది, అందుకే ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. కాంట్రాక్టరు పేరు చెప్పి అసలు యజమాని తప్పించుకోలేడు. నిర్లక్ష్యం మీద పోలీసులు పెట్టే కేసు వేరు, పరిహారం వేరు. ఒకటి నడుస్తోందని రెండోది ఆపకూడదు. గడువు ఉంటుంది, ఆలస్యం చేయొద్దు. ఎఫ్ఐఆర్ నకలు, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, వయసుకు రుజువు, కూలికి రుజువు దగ్గర పెట్టుకోవాలి. వకీలుకు ఇచ్చే స్తోమత లేకపోతే కోర్టు ఆవరణలో ఉచిత న్యాయసహాయం గది ఉంటుంది, ఆడవాళ్లను, గూడెం వాళ్లను వాళ్లు కాదనరు.

"అన్నిటికంటే ముందు ఆ పూట పనిలో ఉన్నడని రుజువు గావాలె. గదే లేకుండ చేస్తరు" అన్నాడాయన. నేను ఫోను తీసి రిజిస్టరు పేజీ ఫొటో చూపించాను. నర్సయ్య పేరు, ఎదురుగా బెల్టు నంబరు, కింద నా సంతకం. ఆయన ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. రెండు ప్రింట్లు తీసి ఒకటి లచ్చయ్యకు ఇచ్చాడు, ఒకటి నాకిచ్చాడు. "మూడు కాగితాలైనయ్. పైసలు ఇంజినీరే ఇయ్యాలె" అన్నాడు. ఇచ్చాను.

నా ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. "నాకేం తెల్వదంటే సరిపోయేది గదరా" అన్నాడు మేనేజరు. ఆ మాటలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ వినిపించింది. పది రోజుల తర్వాత, కార్మిక శాఖలో సమ్మక్క వేసిన పరిహారం అర్జీకి నా వాంగ్మూలం రాయడానికి మళ్లీ టైపు షాపుకు వెళ్లాను. రాత్రంతా కూర్చుని చక్కగా, వరుస సంఖ్యలు వేసి, రెండు పేజీలు రాసుకుపోయాను. యాకయ్య గారు చదివి పక్కన పెట్టాడు.

"మంచిగనే రాసినవు. కానీ దీంట్ల నువ్వు హీరో లెక్క ఉన్నవు."

"ఉన్నదే రాశాను సార్."

"తాళం లేదని నీకు తెలుసా?"

"తెలుసు."

"రిజిస్టరు నువ్వే ఇచ్చినవా?"

"ఇచ్చాను."

"అవి యాడున్నయ్ దీంట్ల? ముందు గవి రాయి. నువ్వు రాయకపోతే అవతలి వకీలు అడుగుతడు. అప్పుడు నర్సయ్య సంగతి పోయి నీ సంగతి మిగుల్తది."

నా మీద కూడా కేసు వస్తుందా అని అడిగాను. ఆ ప్రశ్న పది రోజులుగా నన్ను నిద్రపోనివ్వలేదు. ఆయన భరోసా ఇవ్వలేదు. "రావచ్చు, రాకపోవచ్చు. అది వకీలును అడుగు. నాకు తెల్వనిది నేను చెప్ప" అన్నాడు. కాసేపటికి టీ తెప్పించి, నా వైపు గ్లాసు జరుపుతూ, "పరేషాన్ గాకు. ఉద్యోగం లేనోనివి, ఇయ్యాల టైపుకు పైసలు తీసుకోను. ఉద్యోగం దొరికినంక డబుల్ తీసుకుంట" అన్నాడు. తీసుకున్నాడు కూడా.

ప్రతి కాగితాన్నీ ఎందుకలా చదువుతారని ఒకసారి అడిగాను. ఏదో పాత కథ చెబుతాడనుకున్నాను. "చదివి వినిపించినమని కింద రాస్తున్న గద. చదవకుండ రాస్తే ఆ అబద్ధం నాదైతది. వాళ్లది కాదు" అన్నాడు. దాని గురించి మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు.

నా సాక్ష్యం రోజున కార్మిక శాఖ అధికారి గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. సమ్మక్క గోడ పక్కన కూర్చుంది. యాజమాన్యం తరఫు వకీలు చాలా మర్యాదగా మొదలుపెట్టాడు. "ఆ ఒప్పంద పత్రాన్ని తీసుకెళ్లింది మీరేనా?" నేనే అన్నాను. "అందులో ఉన్నది అబద్ధమని మీకు తెలిసే తీసుకెళ్లారా?" చదవకుండా తీసుకెళ్లానన్నాను. "అంటే మీరు చదవకుండా సంతకాలు పెట్టించే మనిషి. తాళం లేదని తెలిసి మనిషిని కిందికి పంపే మనిషి. మిమ్మల్ని ఎందుకు నమ్మాలి?"

టేబుల్ అంచు పట్టుకున్నాను. "నన్ను నమ్మకండి సార్. పేజీని చూడండి. ప్రమాదం జరగక ముందు రాసింది అది" అన్నాను. అధికారి ఫోను అడిగి తీసుకుని, ఫొటో తీసిన తేదీ, సమయం తానే చూసి రాసుకున్నాడు.

ఉత్తర్వు రావడానికి మరో ఏడాదికి పైగా పట్టింది. సమ్మక్క దాన్ని ఎవరికీ చూపించకుండా నేరుగా యాకయ్య గారి దగ్గరికి తెచ్చింది. నన్ను కూడా పిలిపించారు. అప్పటికి ఆయన ఆరోగ్యం బాగాలేదు. రెండు పంక్తులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ చదివాడు. ఎంత జమ చేయాలో చెప్పే చోటు ఇంకా రాలేదు. నర్సయ్య విధి నిర్వహణలో ఉండగా మరణించాడని రుజువైనది అనే వాక్యం దగ్గర ఆమె ఆపింది.

"అంటే, పనిల ఉన్నడని రాసిండ్రా?"

"రాసిండ్రు బిడ్డా."

"గది మల్లొకసారి చదువు బాపు."

ఆయన మళ్లీ చదివాడు.

ఆ తర్వాతి వానాకాలంలో యాకయ్య గారు పోయారు. ఇప్పుడు నేను పనిచేసే మిల్లులో స్విచ్చులకు తాళాలున్నాయి. ఎవరు యంత్రం కిందికి వెళ్లినా, ముందు ఇచ్చే పర్మిట్ కాగితంలో ప్రతి పంక్తీ చదివి వినిపిస్తాను. మొదట్లో నవ్వారు, ఇప్పుడు అలవాటైంది. దీన్ని చూసి కొందరు నన్ను మంచివాడంటారు. వాళ్లకు నేను చెప్పని సంగతి ఒకటుంది. ఆ రోజు ఆస్పత్రి దారిలో మూడు టైపు షాపులున్నాయి. మొదటి రెండింటి ముందు జనం నిలబడి ఉన్నారు. మూడో దాని ముందు ఎవరూ లేరు. అక్కడికెళితే కాగితాన్ని పూర్తిగా చదువుతాడని, ఆలస్యమవుతుందని ఆ ఊరి వాళ్లకు తెలుసట. నాకు తెలియదు. త్వరగా అయిపోతుందనే వెళ్లాను.