పచ్చి సాక్ష్యం

కోర్టు వరండాలో ఆవిడకి పెట్టిన పేరు రెక్కలమ్మ. ఎదురుపడితే "లాయరమ్మగారూ" అనేవాళ్ళు, వెనక్కి తిరగ్గానే "అదుగో రెక్కలమ్మ, ఎక్కడో ఏదో కూలినట్టుంది" అని ముసిముసి నవ్వులు. నవ్వేవాడి నోరు ఎవరు కుడతారు? విమానం పడిపోతే పోయినవాళ్ళ తరఫున నిలబడి వాదించడం ఆవిడ పని. ఒకళ్ళ కొంప మునిగితే గానీ ఇంకొకళ్ళ పొయ్యి వెలగని పనులు లోకంలో బోలెడున్నాయి. డాక్టరుది కాదా? శవప్పెట్టెలు చేసే వడ్రంగిది కాదా? అయినా మాటలు మాత్రం ఈవిడకే.

పుట్టగానే విమానాలు పట్టుకోలేదు లెండి. మొదట్లో టైర్ల కొట్టు మీద ఒక గది. కింద గాలి కొట్టే మిషను మొదలెడితే పైన మాట వినపడేది కాదు. బస్సు కింద పడ్డవాళ్ళూ, లారీ గుద్దినవాళ్ళూ మెట్లెక్కి వచ్చేవాళ్ళు. తోడు ఒక ముసలి గుమాస్తా. బాబాయ్ అనేది ఆయన్ని, సొంత బాబాయేం కాదు. నోటికొచ్చింది అనేసే మనిషి, కానీ కాగితం ముక్క పోనిచ్చేవాడు కాదు.

ఒకసారి విమానం ఒకటి వెళ్ళి ఐసు ఫ్యాక్టరీ మీద పడింది. పైనున్నవాళ్ళూ పోయారు, కింద పనిలో ఉన్నవాళ్ళూ పోయారు. పెద్ద పెద్ద లాయర్లు మాకొద్దంటే మాకొద్దన్నారు. విమాన కంపెనీ అంటే మాటలా!

"వాళ్ళ వైపు బెంచీ నిండా లాయర్లమ్మాయ్. మన వైపు నువ్వూ నేనూ. నాకేమో ఒక చెవి వినపడదు" అన్నాడు గుమాస్తా.

"మంచిదే బాబాయ్. వాళ్ళు చెప్పేవి సగం వింటే చాల్లే" అంది.

గెలిచింది. ఇక అక్కణ్ణించి ఎక్కడ ఏది కూలినా ఆ మెట్లే ఎక్కేవాళ్ళు. టైర్ల కొట్టు వదిలేసి లిఫ్టున్న మేడలో ఆఫీసు పెట్టింది. పేరొచ్చింది, ఇల్లు పోయింది. మొగుడు చెడ్డవాడేం కాదు. కంచం ముందు కూర్చున్నా ఆవిడ నోట పోయినవాళ్ళ కబుర్లే. ఎవరి సీటు ఎక్కడ, ఎవరు కాలారు, ఎవరు మునిగారు. "ఈ బల్ల దగ్గర నాకు చోటేదే? కుర్చీలన్నీ శవాలకే ఇచ్చావు" అని అని, ఓ రోజు పెట్టె సర్దుకుని అక్కగారింటికి పోయాడు. రేపో మాపో వస్తాడులే అనుకుంది. రాలేదు. వెళ్ళి పిలవడానికి ఈవిడకి తీరికా లేదు, ఉన్నా వెళ్ళేది కాదేమో.

ఆవిడ పని చేసే తీరు వేరు. కేసు ఒప్పుకునే ముందు పోయినవాళ్ళ ఇంటికెళ్ళేది. ఎలాంటి మనిషి, ఏం తినేవాడు, దేనికి చికాకు పడేవాడు అని అడుగుతూ కూర్చునేది. తర్వాత ఆ ఇంటివాళ్ళని ఆఫీసుకి పిలిపించి సాక్ష్యం తర్ఫీదు. గుమాస్తా ఆవిడ పాత నల్లకోటు వేసుకుని కంపెనీ లాయరు వేషం కట్టేవాడు. బొత్తాలు పట్టక పొట్ట దగ్గర కోటు నోరు తెరుచుకునేది. "ఏమ్మా, నీ కొడుకు తాగేవాడట కదా!" అని గద్దించేవాడు. ఏడుపు మొహాలతో వచ్చినవాళ్ళు కూడా ఆ అవతారం చూసి ఫక్కున నవ్వేవాళ్ళు.

ఆ తర్ఫీదే ఒకసారి కొంప ముంచింది. కొడుకూ కోడలూ పోయిన ఓ పెద్దాయన బోనులో నిలబడి, మాట మర్చిపోయి, గుమాస్తా వైపు తిరిగి, "బాబూ, ఇక్కడేగా నన్ను ఏడవమన్నావు?" అన్నాడు. పాపం, ఆయన దుఃఖం నిజమే. కానీ కోర్టు గొల్లుమంది. కంపెనీ తరఫు పెద్దలాయరు ఒకాయన ఉన్నాడు, మాట మెత్తన, చెయ్యి కత్తి, వరండాలో అందరూ వెన్నముద్ద అంటారు. "నాటకం బాగుందండీ" అని ఒక్క మాట అని కూర్చున్నాడు. ఆ కేసు నీరుగారిపోయింది.

ఆ రోజే ఆవిడ ఒట్టు పెట్టుకుంది. అసలైన ప్రశ్న ఏదుంటుందో అది సాక్షికి ముందు చెప్పకూడదు. జవాబు తనకి తెలియాలి, సాక్షికి మాత్రం అప్పుడే కొత్తగా తగలాలి. మాట పచ్చిగా రావాలి, అప్పుడే జడ్జీ నమ్ముతాడు. చాలా కేసుల్లో అలాగే గెలిచింది కూడా. వేడినీళ్ళకి చెయ్యి కాలినవాడు చన్నీళ్ళు కూడా ఊదుకుంటాడు చూడండి, అలాగ.

అప్పుడు సముద్రంలో పడ్డ విమానం కేసు వచ్చింది. కంపెనీ పాట ఒకటే. రెక్క ఉన్నట్టుండి విరిగింది, రెప్పపాటులో అయిపోయింది, లోపలున్నవాళ్ళకి ఏమీ తెలీదు, ఎవరి తప్పూ లేదు. ఈవిడ మాట వేరు. ఇంజను చాలాసేపు మండింది, దగ్గర్లోనే దిగే చోటుంది, "అక్కడొద్దు, మన రిపేరు షెడ్డుకే తీసుకురా" అని కంపెనీయే పైలట్‌కి చెప్పింది, ఆ సాగదీతలోనే పడిపోయింది అని. ఎలా రుజువు చెయ్యడం? మాటలు రికార్డయ్యే డబ్బా సముద్రం మింగేసింది. లోపలున్నవాళ్ళకి టైముందని, ప్రమాదమని తెలిసిందని ఒక్క మనిషి దగ్గర రుజువు దొరికితే చాలు, కంపెనీ కథ కూలిపోతుంది.

పోయినవాళ్ళలో ఒక మూటలాయన ఉన్నాడు. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు సర్ది కట్టడం ఆయన పని. వేరే ఊళ్ళో ఆఫీసు సామాన్లు కట్టాలని యజమాని పంపిస్తే మొదటిసారి విమానం ఎక్కాడు. భార్య లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. లాయరమ్మ వాళ్ళింటికి వెళ్ళేసరికి చొక్కా మీద ఇస్త్రీ పెట్టె లాగుతూనే మాట్లాడింది.

"ఆయనకి బస్సెక్కితేనే వాంతులండీ. అందుకే మాత్ర నేనే ఇచ్చా, ఎక్కే ముందు వేసుకో అని. అది వేసుకుంటే ఏనుగు తొక్కినా లేవడు. నిద్రలోనే పోయుంటాడు. ఆ ఒక్కటే నాకు మిగిలిన చల్లని మాట."

బడికెళ్ళే కూతురుంది. ఆ పిల్లకీ అదే చెప్పింది. "మీ నాన్నకి ఏమీ తెలీలేదే, నిద్రలో పోయాడు" అంటే గానీ అది కళ్ళు మూసుకోదట.

గదిలో ఎటు చూసినా మూటలే. అన్నిటికీ ఒకటే రకం ముడి. "ఎడంచేతి వాటమండీ ఆయనది. రెండు మెలికలేసి కొస లోపలికి దోపేవాడు. కొస పట్టుకు లాగితే ఊడిపోద్ది, ఇంకెక్కడ లాగినా బిగుసుకుంటది. నేనెన్నిసార్లు చూసినా నాకు రాలేదు. బుర్ర లేదే నీకు అని తిట్టేవాడు" అని నవ్వింది, నవ్వి ముక్కు చీదుకుంది.

తర్వాత కొన్నాళ్ళకి, శవాలు బయటికి తీసినవాళ్ళ దగ్గర్నించి ఫోటోలొచ్చాయి. నీళ్ళల్లో తేలడానికి ఇచ్చే గాలికోటు ఉంటుంది కదా, అది మూటలాయన ఒంటి మీదే ఉంది. "తీసినవాళ్ళే తగిలించి ఉంటారు" అన్నాడు వెన్నముద్ద. లాయరమ్మ ఫోటో దగ్గరగా పెట్టుకుని చూసింది. బకిలు పెట్టుకోవడం ఆయనకి తెలిసినట్టు లేదు. రెండు పట్టీలూ లాగి ముడేసుకున్నాడు. ఎడంచేతి వాటం, రెండు మెలికలు, కొస లోపలికి.

నిద్రపోయే మనిషి ముడెలా వేస్తాడు?

ఆవిడకి ఒళ్ళు ఝల్లుమంది. రుజువు దొరికిందని సంతోషం, కానీ దొరికింది ఆ ఇస్త్రీ ఆవిడ మొగుడి దగ్గర. మళ్ళీ ఇస్త్రీ ఆవిడ ఇంటికెళ్ళి, "మీ ఆయన పనితనం కోర్టుకి చూపిస్తాను, ఒక మూట ఇవ్వమ్మా" అని అడిగి తెచ్చింది. ఫోటో సంగతి ఎత్తలేదు.

"చెప్పెయ్ అమ్మాయ్. అది పెళ్ళాం. బోనులో నిలబెట్టి చెప్పే కబురా ఇది?" అన్నాడు గుమాస్తా.

"ముందే చెప్తే మళ్ళీ నాటకమంటాడు వెన్నముద్ద. ఆవిడ చూడగానే గుర్తుపట్టాలి, గుర్తుపట్టడం జడ్జీ చూడాలి. అంతకంటే రుజువు లేదు బాబాయ్."

"గుర్తుపడుతుంది, సరే. నోటితో అంటుందని ఎవరు చెప్పారు?"

"నిజం కళ్ళెదురుగా ఉంటే ఎందుకనదు?"

ముసలాయన సూదిలో దారం ఎక్కించుకున్నాడు. కాగితాలు కుట్టుకుంటూ కూర్చున్నాడు. అంత చదివిన మనిషికి ఏం చెప్తాడు.

వాయిదా రోజు కోర్టు కిటకిటలాడింది. పోయినవాళ్ళ అమ్మలూ నాన్నలూ మొగుళ్ళూ పెళ్ళాలూ వెనక బెంచీల నిండా. ఇస్త్రీ ఆవిడ మడత నలగని చీర కట్టుకుని బోనెక్కింది. మొదట నాలుగు తేలిక ప్రశ్నలు. ఆయన పనేంటి, ముడి ఎలా వేసేవాడు. ఆవిడ గర్వంగానే చెప్పింది. అప్పుడు ఫోటో చేతికిచ్చింది లాయరమ్మ.

"ముఖం లేదమ్మా, భయపడకు. పట్టీ ఒక్కటే. ఈ ముడి ఎవరిదో చెప్పగలవా?"

ఇస్త్రీ పెట్టె కాగిందో లేదో తడి వేలితో ముట్టుకుని చటుక్కున తీస్తారు చూడండి, అలా ఆ ఫోటో మీద వేలు పెట్టి తీసేసింది. రంగు దిగిపోయింది మొహంలో.

"ఆయనది కాదు" అంది.

"బాగా చూడమ్మా."

"చూశాను. కాదు. ఆయన నిద్రపోయాడు. మాత్ర నేనే ఇచ్చాను."

వెన్నముద్ద లేచాడు. "పాపం ఆవిణ్ణి ఇంకా బాధపెట్టడం ఎందుకండీ. మేమేమీ అడగం" అన్నాడు, నోట్లో పంచదార పోసుకున్నట్టు.

జడ్జీ కళ్ళజోడు సర్దుకుని, "మీ సాక్షి మీకే ఎదురు తిరిగిందంటారా? అలా అంటే అడ్డప్రశ్నలు మీరే వేసుకోవచ్చు" అన్నాడు లాయరమ్మతో. కాసేపు వ్యవధి కావాలంది.

వరండాలో మంచినీళ్ళ కుండ పక్కన నిలబడ్డారు లాయరమ్మా, ఇస్త్రీ ఆవిడా. గుమాస్తా మూట ఒళ్ళో పెట్టుకుని దూరంగా కూర్చున్నాడు.

"మీకు ముందే తెలుసు కదూ?" అంది ఇస్త్రీ ఆవిడ.

"తెలుసు."

"మూట అడగడానికి వచ్చినప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

"మా ఇంట్లో కూర్చుని, మా నీళ్ళు తాగి, నా కూతురి తల నిమిరి వెళ్ళారు. ఒక్క ముక్క చెప్పుంటే తలుపేసుకుని ఏడ్చేదాన్ని. ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, ఆయనదే అని చెప్పేదాన్నేమో. ఇంతమందిలో నా మొగుణ్ణి నిద్ర లేపారండీ మీరు."

"తప్పే. కానీ లోపల ఇంకా ఎంతమంది ఉన్నారో చూశావు కదమ్మా. కంపెనీ చేసింది బయటపడాలంటే..."

"నేను అనను. నా నోటితో అంటే ఇక అదే నిజమైపోద్ది, ఇంటికెళ్ళి నా పిల్లకి ఏం చెప్పను? మీరు ఆ మూట పట్టుకొచ్చి అందరి ముందు నన్ను గద్దిస్తే, ఏమో, ఏడ్చి అనేస్తానేమో. గద్దిస్తారా?"

లాయరమ్మ మూట వైపు చూసి, కళ్ళు తిప్పేసుకుంది. ఎంతమంది సాక్షుల్ని ఆ బోనులో పిండి పిప్పి చేసిందో! ఎవరి కన్నీళ్ళకీ ఆగని నోరు అది.

"మూట ఇవ్వనా అమ్మాయ్?" అన్నాడు గుమాస్తా లోపలికెళ్తుంటే.

"వద్దు."

"తోటి పనివాళ్ళు ఉంటారుగా, వాళ్ళని పిలిచి గుర్తుపట్టిద్దాం."

"పెళ్ళామే కాదన్నాక వాళ్ళ మాట ఎవరు నమ్ముతారు బాబాయ్? ముందు వాళ్ళని పిలవకుండా, చేతులారా చెడగొట్టుకున్నాను."

లోపలికెళ్ళి, "ఇంకేమీ ప్రశ్నలు లేవండి" అని కూర్చుంది.

అంతే. ఇంజను ఎంతసేపు మండిందో, షెడ్డుకే రమ్మని ఎవరన్నారో, ఏదీ నిలబడలేదు. అంతా రెప్పపాటులో జరిగింది, ఎవరి తప్పూ లేదు అని తీర్పు. కంపెనీ దయతలచి ఇంటింటికీ ఏదో ముట్టచెప్పి, చల్లగా ఇంకో విమానం కొనుక్కుంది.

తీర్పు రోజు ఎవరూ ఆవిడ దగ్గరికి రాలేదు. కొడుకుని పోగొట్టుకున్న టీచరమ్మ ఒకావిడ మాత్రం వచ్చింది. కేకలెయ్యలేదు.

"ఆవిడ మొగుణ్ణి మళ్ళీ నిద్రపుచ్చావు. మంచిదే. మరి నా కొడుకు? వాడు ఎంతసేపు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడో నాకు తెలియక్కర్లేదా? వాడికేమీ తెలీదని వాళ్ళు రాసుకున్నారు, నువ్వు సంతకం పెట్టినట్టే" అంది.

టీచరమ్మ మెట్లు దిగి వెళ్ళేదాకా లాయరమ్మ చూస్తూ నిలబడింది.

ఆ మూట తిరిగి ఇవ్వడానికి గుమాస్తానే పంపింది, తను వెళ్ళలేదు. ఇస్త్రీ ఆవిడ తలుపు సందులోంచి తీసుకుని వెంటనే తలుపేసుకుందట.

అప్పట్నించీ ఆవిడ పని తీరే మారిపోయింది. ఎవరొచ్చినా మొదటి రోజే ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. మనం గెలవాలంటే మీ మనిషికి చివర్లో తెలిసిందనీ, భయం వేసిందనీ నేను నిరూపించాలి, మీరు దాన్ని వినాలి, మీ నోటితోనే అనాల్సి రావచ్చు అని. సగం మంది వినలేక లేచిపోతారు, తియ్యగా మాట్లాడే లాయర్ల దగ్గరికి. మొత్తం చెప్పేసినందుకు కొన్ని కేసులు ఓడిపోయింది కూడా. వరండాలో ఇప్పుడు "రెక్కలు విరిగినమ్మ" అంటున్నారు. అననీ.

మొన్న ఒకాయన వచ్చాడు, బస్సు కండక్టరు చేసి రిటైరైన మనిషి. కూతురు విమానంలో ప్రయాణికుల్ని చూసుకునే ఉద్యోగం చేసేది, దానితోపాటే పోయింది. లాయరమ్మ అంతా చెప్పింది. ఆయన చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి, దణ్ణం పెట్టి, లేచి వెళ్ళిపోయాడు.

లిఫ్టు దగ్గరిదాకా వెళ్ళి ఆగాడు. లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఆయన ఎక్కలేదు. ఇటూ రాలేదు. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు, వీపు ఇటు.

"పిలవనా అమ్మాయ్?" అన్నాడు గుమాస్తా మెల్లిగా.

"వద్దు బాబాయ్."

"పోతాడేమో."

"పోతే పోనీ. ఆ తలుపు మాత్రం వెయ్యకు."

ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. ఆవిడ ఇక్కడ కూర్చుని ఉంది. కాగితాలు ముందున్నాయి గానీ, ఒక్క అక్షరం చదివితే ఒట్టు.