తంగవేల్ కేక

షిఫ్టుకు పిలిచే సైరను, మిల్లు సంగు, ఊదకముందే తంగవేల్ లేచేవాడు. కోయంబత్తూరు అంచున మిల్లు పనివాళ్లు కాపురముండే ఆ వీధిలో అందరికంటే ముందు వెలిగే దీపం అతని ఇంటిదే. కాళ్లూ చేతులూ కడుక్కుని, పళని విభూది నుదుట పెట్టుకుని, “మురుగా” అని చేతులు జోడించి వీధిలోకి వచ్చేవాడు. ఒక్కో తలుపు దగ్గర నిలబడి లోపలివాళ్లను పేరు పెట్టి ఒకే ఒక్కసారి పిలిచేవాడు. రెండోసారి పిలవాల్సిన పని ఉండేది కాదు. వట్టి సంగును నమ్ముకుని పడుకున్నవాడు ఎప్పుడో ఒకనాడు మొద్దునిద్రపోయి, మూసిన గేటు బయట నిలబడక తప్పదు. తంగవేల్‌ను నమ్ముకున్నవాడికి ఆ భయం లేదు.

“ఊరంతా లేపుతావు. ఇంటికి రెండు బిందెలు నీళ్లు మోయమంటే మాత్రం నీకు నడుం పట్టుకుంటాది” అని భార్య వీరాయి దెప్పేది. అతను నవ్వి బిందె అందుకునేవాడు.

ఆ వీధికి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉండేది. దానికి కెప్టెన్ తంగవేలే. ఆస్తి అంటే అతను ఆముదం రాసి కాపాడుకునే తోలు బంతి, అందరికీ చాలని పాత బూట్లు. సగం మంది ఒట్టి కాళ్లతోనే ఆడేవారు. అయితే వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఆట రోజున ఎవరికైనా షిఫ్టు పడితే, ఆడనివాడొకడు వెళ్లి అతని మిషను దగ్గర నిలబడాలి. మేస్త్రీలకు ఈ సంగతి తెలుసు, చూసీ చూడనట్టు ఊరుకునేవారు. అలా రాత్రి తన పనీ పగలు తోటివాడి పనీ చేసి, తలనిండా దూదితో ఇంటికొచ్చిన మనిషి మొదట అడిగే మాట, “గెలిచినామా?” అనే. బంతి ముఖమే చూడనివాడు కూడా “గెలిచినారా” అనేవాడు కాదు.

పెద్ద మిల్లు టీము దారి వేరు. ఆటగాళ్లందరికీ కొత్త బూట్లు, ప్రాక్టీసు అయ్యాక పాలూ గుడ్లూ. అన్నింటికీ మించి పర్మనెంటు ఉద్యోగం. ఆ టీమును నడిపే స్పిన్నింగ్ మాస్టరు చెన్నకేశవన్ తిరుమంగళం దిక్కున నల్లరేగడి సేద్యం చేసే తెలుగువాళ్ల బిడ్డ. మిల్లులో మాత్రం అరవమే మాట్లాడేవాడు. ఆ ఏడు ఆయన కన్ను తంగవేల్ టీములో వెనక కాపు కాసే అయ్యప్పన్ మీద పడింది.

అయ్యప్పన్ బదిలీ కూలి. ఎవరైనా రాకపోతేనే అతనికి పని. మిల్లు టీములోకి రమ్మని కబురు అందిన సాయంత్రమే తంగవేల్ దగ్గరకు వచ్చాడు.

“నేను పోనన్నా. పాలకీ గుడ్డుకీ అమ్ముడుపోయినాడంటారు.”

“ఎవురంటారు?”

“వీధంతా.”

“వీధంతా నీ బిడ్డలకు బువ్వ పెడతాదా? దినామూ గేటుకాడ నిలబడి, ఈపొద్దు పని ఉందా అయ్యా అని ఎంతకాలం అడుగుతావు? పో తంబీ.”

“మరి మన టీము?”

“దుడ్డు లేకుంటే బూట్లు రావు, బూట్లు లేకుంటే గోరు ఊడతాది. నా కాలు నాకు తెలీదా? మనసొకటి ఉంటే చాలనేవాడు కడుపు నిండినోడురా.”

అయ్యప్పన్ టీము మారాడు, ఇల్లు మారలేదు. తంగవేల్ రోజూ ఆ తలుపు దగ్గర కూడా నిలబడేవాడు. కుర్రవాళ్లకు అది నచ్చలేదు.

“ఎదురు టీమోణ్ణి కూడా నువ్వే లేపల్నా అన్నా? వాని మిల్లుకు సంగు లేదా?”

“సంగుకు వాని పేరు తెలీదు గదరా” అన్నాడు తంగవేల్.

కప్పు ఆటలో ఆఖరికి ఈ రెండు టీములే మిగిలాయి. ఎండ దిగి, ఆట ముగియవచ్చినా ఎవరికీ గోలు పడలేదు. అప్పుడు అయ్యప్పన్ తన గోలు ముందు బంతిని ఒడుపుగా లాక్కున్నాడు. అతని వెనకే ఆయాసపడుతూ ఉరుకుతున్న తంగవేల్ నోట అనుకోకుండా కేక వచ్చింది.

“అయ్యప్పా!”

రోజూ చీకటితో పిలిచే పిలుపే అది. అయ్యప్పన్ తలైనా తిప్పకుండా ఆ గొంతు వచ్చిన వైపుకు బంతిని తన్నేశాడు. బంతి తంగవేల్ కాళ్ల ముందుకొచ్చింది. కాళ్లు వాటి పని అవి చేశాయి. గోలు!

జనం తంగవేల్‌ను భుజాలకెత్తుకున్నారు. ఆ ఎత్తునుంచి అతనికి కనిపించింది అయ్యప్పన్ ఒక్కడే. కొత్త బూట్ల వంక చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. చెన్నకేశవన్ అతని దగ్గరికి వెళ్లి ఏదో చెప్పి, వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. రేపటినుంచి మిల్లుకు రావద్దన్నాడని తర్వాత తెలిసింది.

వీధిలో కప్పును మురుగన్ పటం ముందు పెట్టి పాయసం వండారు. “దుడ్డును మనసు గెలిచిందిరో!” అని ఎవరో అరిచారు. తంగవేల్ తన గ్లాసు పక్కన పెట్టేశాడు. ఆ మనసే కదా ఇవాళ ఒకడి కంచం లాగేసింది, అనుకున్నాడు.

వీరాయి కొంగు చాటున గిన్నె పట్టుకుని అయ్యప్పన్ ఇంటికి వెళ్లి, అలాగే తిరిగి వచ్చింది. “కుప్పమ్మాళ్ పొయ్యి రాజెయ్యలే. పాయసం పెడితే మొగుడూ పెండ్లామూ ముట్టికూడా చూడలే” అంది.

తంగవేల్ తువ్వాలు భుజాన వేసుకుని నేరుగా చెన్నకేశవన్ ఇంటికి వెళ్లాడు. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“ముందే మాట్లాడుకోకుండా పేరు పిలవగానే బంతి ఎలా ఇస్తాడు?” అన్నాడు అరవంలో.

తంగవేల్ తమ వీధిలో మాట్లాడే తెలుగులోనే బదులిచ్చాడు. “మాట్లాడుకోలేదు సామీ. వాడట్లాంటోడైతే వాణ్ణి మీ తావకి నేనెందుకు పంపుతాను?”

“నువ్వు పంపినావా?” చెన్నకేశవన్ నోట తనకు తెలియకుండానే తెలుగు వచ్చింది. “పనిచ్చినాను, తిండి పెట్టినాను. నేనేం తక్కువ చేసినాను వానికి?”

“ఏమీ తక్కువ చెయ్యలే. మా చేత కానిది మీరిచ్చినారు.”

లోపలినుంచి ఆయన తల్లి లక్ష్మియమ్మాళ్ మజ్జిగ చెంబుతో వచ్చింది. ఇంటి భాష వాకిట్లో వినబడేసరికి ఎవరో చుట్టం వచ్చాడనుకుంది. చుట్టం కాదని చూశాక కూడా చెంబు వెనక్కి తీసుకోలేదు. “మొదట తాగు నాయనా. ఆమీద పోట్లాడుకోండి” అంది.

తంగవేల్ తాగి, చెంబు కడిగి అరుగు మీద బోర్లించి చేతులు జోడించాడు.

“ఒక్క సాయం చెయ్యండి సామీ. రేపు సంగు ఊదేముందు మా వీధికి రండి, నాతోకూడా నడవండి. దినామూ వాణ్ణి నిద్ర లేపేమాదిరే అయ్యప్పన్ వాకిట్లో నిలబడి ఒకేసారి పిలుస్తా. రేపు వానికి లేచి పోయేదానికి పని లేదు. అయినా నా గొంతు వినంగానే వాడు తలుపు తీస్తాడో లేదో మీరే చూడండి. ఆమీద మీ మనసుకు ఏం తోస్తే అది చెయ్యండి.”