గంట నాలుకకు చుట్టిన వత్తి

మా ఆయనకు పక్షవాతం వచ్చి కాస్త నడక మొదలయ్యాక, సీతమ్మధారలో కసరత్తులు చేయించే డాక్టరు ఒక్క మాట గట్టిగా చెప్పారు. పడకూడదు. పడితే తుంటి విరుగుతుంది, వచ్చిన నడకా పోతుంది.

నేను బడి ఎరుగను. మా నాన్న ఇంట్లోనే చదువు చెప్పారు, విన్నది రాసిపెట్టుకోవడం అప్పటి అలవాటు. డాక్టరు చెప్పినవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. మల్కాపురంలోని మా ఇంట్లో చాపలు, కాలిపట్టాలు తీసేశాను. బాత్రూం గోడకు కడ్డీ పెట్టించాను. పూజగంటను దోమతెర కడ్డీకి కట్టాను. ఆయన లేస్తే మంచం కదిలి అదే మోగుతుంది, నేను పరిగెత్తుకొచ్చి పట్టుకుంటాను.

రోజూ దీపం పెట్టాక "ఈరోజు కూడా పడలేదు, అప్పన్న దయ" అని రాసి, పైకి చదివేదాన్ని. ఆయన కుడిచేయి ఎత్తి దణ్ణం పెట్టేవారు. మూడు నెలల పేజీలు చూసి డాక్టరు సంతోషించి, వాకర్ మానిపించి చేతికర్ర ఇచ్చారు.

ఒక శుక్రవారం పూజ ముగించి వచ్చి మంచం దులుపుతుంటే గంట మోగలేదు. లోపల నాలుకకు వత్తి చుట్టి ఉంది. నేను చేసిన వత్తే. ఒంటిచేత్తో ఆయన అంత బిగించి కట్టలేరు.

పక్కవాటాలో ఉండే మా ఆడపడుచును అడిగాను. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు.

"నానే కట్టీసేనొదినా, ఇయాల ఇప్పడం మర్సిపోనాను. సుక్కురోరం నువ్వు పూజలో కూకుంటే అన్నయ్య అరుగు మీదికెళ్తాడు. నీకు సెప్తే ఒట్టన్నాడు."

"పడ్డారా?"

"రెండుపాల్లు, సేతికర్ర రాకముందే. గడప కాడే. నువ్వు కడిగి పసుపు రాత్తావు కదా, తడి ఆరదు. నానే లేపీసేను."

ఆయన దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆయన గోడవైపు చూస్తూ అన్నారు.

"డ్యూటీకెళ్తా నాతో పన్సేసినోళ్లు పలకరిత్తారు. ఆళ్ల ముందు పెళ్లాం రెక్కట్టుకుని తెచ్చి కూకోబెడితే ఏటి బాగుంటాది?"

ఆ మాట నాకు అర్థమైంది. అర్థం కానిది ఇంకొకటి. ఆయన పడిన రోజున కూడా నేను దేవుడికి కృతజ్ఞతలు చెప్పి, పైకి చదివాను. ఆయన విని దణ్ణం పెట్టారు. నా రాతను నమ్మి డాక్టరు వాకర్ తీసేశారు.

మర్నాడు ఇద్దరం సీతమ్మధార వెళ్లాం. నోటుబుక్కు ఆయన ఒళ్లో పెట్టాను.

"మీరే చెప్పండి."

ఆయన నోటుబుక్కు తెరవకుండానే డాక్టరు వైపు తిరిగారు. "మూడుసార్లు పడ్డానండి."

ఆడపడుచు చెప్పింది రెండే.

వాకర్ మళ్లీ వచ్చింది. గడపకు తడి పసుపు మానేసి, గుమ్మం పక్క చెక్కకు బొట్లు పెడుతున్నాను. పొద్దున్నే నేనే అరుగు మీద కూర్చోబెట్టి, ఆయన స్నేహితులు వచ్చేలోగా లోపలికి వచ్చేస్తాను. గంట దేవుడి దగ్గరికి వెళ్లిపోయింది. సాయంత్రం దీపం పెట్టి, నోటుబుక్కు తెరిచే ముందు ఆయన పంచె పైకి జరిపి రెండు మోకాళ్లూ చూస్తాను. ఆ తర్వాతే రాస్తాను.