ఓడ మీంచి రావలసిన పేరు

1999లో నల్గొండలో, ఒక ఫొటో స్టూడియో పై గదిలో కూర్చుని సర్వర్ చూసుకునే పని చేసేదాన్ని. సర్వర్ అంటే వెబ్‌సైట్లు కాపురముండే కంప్యూటర్. మాది హైదరాబాద్‌లో ఎక్కడో ఒక చల్లటి గదిలో ఉండేది. దాని మొహం నేనెన్నడూ చూడలేదు. ఫోన్ లైన్ మీద మోడెం కాసేపు కీచుమని అరిచి దాన్ని అందుకునేది. ఇక నా ముందు నల్లటి తెర, తెల్లటి అక్షరాలు.

ఆ తెర మీద బ్యాక్‌గ్రౌండ్ సర్వీసులు వరుసగా కనిపించేవి. ఎవరి కంటా పడకుండా వెనక నడిచే ప్రోగ్రాములవి. ఒకటి పేజీలు అందిస్తుంది, ఒకటి మెయిల్ తీసుకుంటుంది. చాలావాటి పక్కన ‘ఎస్’ అనే అక్షరం ఉండేది, స్లీపింగ్ అని. తలుపు చప్పుడైతే లేస్తాయి, పని ముగించి మళ్లీ పడుకుంటాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఫ్యాను గాలికి నా కళ్లు మూతలు పడుతుంటే, అవి కూడా అక్కడెక్కడో కునుకు తీస్తున్నాయనుకుని హాయిగా ఉండేది.

మా ఓనరు యాదగిరన్నకు మాత్రం ఒళ్లు మండేది.

“పడుకున్నోళ్లకు గింత జాగా ఎందుకు చెల్లె? లేపి పంపియ్యి” అనేవాడు.

జాగా అంటే మెమరీ. మాకున్నదే కొంచెం. అది నిండితే సైట్లన్నీ కదలకుండా నిలిచిపోతాయి. అయినా తన ముద్దుల కౌంటర్ జోలికి నన్ను రానిచ్చేవాడు కాదు. ఏ పేజీని ఎంతమంది చూశారో రంగురంగుల అంకెల్లో చూపించే సర్వీసు అది. ఫొటో దిగడానికి వచ్చినవాళ్లను కూడా పైకి పట్టుకొచ్చి ఆ అంకెలు చూపించి పంపేవాడు.

ఆ వారం దేవరకొండ నుంచి మౌలాలి తాత రోజూ బస్సెక్కి వస్తున్నాడు. స్టవ్వులు, గొడుగులు బాగుచేసే మనిషి. కొడుకు సలీం ఓడ మీద వంటవాడు. పోయే ముందు తాత పేరు మీద మా దగ్గరే మెయిల్ అడ్రసు పెట్టించాడు. సలీంకు ఆడపిల్ల పుట్టిందని తాత నాచేత కబురు పంపిస్తే, “పేరు నేను పంపుత, అప్పటిదాంక పెట్టొద్దు” అని జవాబొచ్చింది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఓడ మీద కెప్టెన్ దయ తలిస్తేనే మెయిల్ పోతుంది. తెల్లారితే అకీకా, అంటే బిడ్డకు పేరు పెట్టే వేడుక.

“గా పేరు ఇప్పుడు ఏడుంటది బిడ్డా?” అని అడిగాడు తాత.

“నీళ్ల మీద ఉంటది కావచ్చు తాతా.”

ఆయన కళ్లు మూసుకున్నాడు. సముద్రం ఆయన చూడలేదు, నేనూ చూడలేదు. కాసేపు ఎవరి సముద్రం వాళ్లు చూసుకుంటూ కూర్చున్నాం.

అంతలో మెమరీ నిండి సైట్లు ఆగిపోయాయి. మా దగ్గర సైటు పెట్టుకున్న విత్తనాల కంపెనీ వాళ్లు ఫోన్ చేసి చెడామడా తిట్టారట. యాదగిరన్న ఎగపోసుకుంటూ పైకొచ్చాడు.

“మెయిల్ బంద్ చెయ్యి చెల్లె. పొద్దటి సంది పండుకునే ఉన్నది గద. మల్ల రేపు పెడ్దువు.”

మెయిల్ ఆపితే వచ్చే ఉత్తరం పోదు. పంపే సర్వర్ మళ్లీ మళ్లీ తలుపు తట్టి చూస్తుంది. కానీ సలీం పంపే పేరు రేపటి వేడుక అయిపోయాకే వస్తుంది.

“అది పండుకోలేదన్నా, ఎదురుచూస్తాంది. ఇయ్యాల తలుపు తీసేటోళ్లు లేకుంటే తాత రేపు తోచిన పేరు పెట్టాలె. ఆపాలంటే కౌంటర్ ఆపుదాం” అన్నాను.

అన్న మొహం మాడిపోయింది. తాత భుజం మీది తువ్వాలు సర్దుకుని లేచాడు.

“నా కోసం మీరు ఫికర్ పడకుండ్రి సేటూ. నేను పోత.”

“కూసో తాతా” అన్నాడు యాదగిరన్న. నాతో, “బంద్ చెయ్యి. నేను సూడ” అని కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. కౌంటర్ ఆపాను. సైట్లు ఒక్కొక్కటే లేచాయి.

ఎండ గోడ మీద నెమ్మదిగా పాకింది. తాత తెర మీద నేను చూపించిన మెయిల్ వరుసనే చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి మెయిల్ సర్వీసు పక్కన అక్షరం మారింది. ఓడ నుంచి ఉత్తరం. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగును నేనే చదివాను: “అబ్బాజాన్, బిడ్డ పేరు జుబేదా. దాని చెవుల ఆ పేరు నువ్వే పిలువు.”

“మల్లొక్కపారి చదువు” అన్నాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. అదీ చదివాను.

“పేరు మంచిగలేదా తాతా?”

“మా ఇంటామె పేరు బిడ్డా. సచ్చిపోయి శాన ఏండ్లాయె. ఉన్నన్ని దినాలు సలీం అమ్మా అనే పిల్సిన. పెండ్లాన్ని పేరు వెట్టి పిలుసుడు మా ఇండ్లల్ల లేకుండె. గా పేరు ఒక్కనాడు నా నోట రాలె.”

నాకు ఏడుపొచ్చింది. అన్న కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరగలేదు.

తర్వాత చాలా సర్వర్లు చూశాను. ఏ సర్వీసునైనా ఆపే ముందు, అది ఎవరి కోసం కాచుకుని ఉందో కనుక్కోవడం ఆ రోజే అలవాటైంది. ఆ సాయంత్రం తాత తువ్వాలుతో కళ్లొత్తుకుని లేచి, గోడ పట్టుకుని మెట్లు దిగాడు. సగం మెట్ల మీద ఆగి, జుబేదా, అన్నాడు మెల్లగా. మళ్లీ ఒకసారి, కొంచెం గట్టిగా అన్నాడు.