పిడుల్లేని కుర్చీ

ఎవరూ అడగని సాయానికి లేచిన చేతుల్ని మళ్ళీ ఎక్కడ పెట్టుకోవాలి? అల్మారాల్లో పట్టక మంచం కిందికి చేరినన్ని పుస్తకాలు చదివాను. ఈ ఒక్కదానికి మాత్రం నాకింకా జవాబు దొరకలేదు.

మా పేట సంఘం వాళ్ళు నడవలేనివాళ్ళని ఊరి చివర సరస్సుకి షికారు తీసుకెళ్ళిన రోజు నేనూ వాలంటీరుగా వెళ్ళాను. ఒక్కొక్కరికి ఒక్కో చక్రాల కుర్చీ అప్పజెప్పి, "సాయంత్రందాకా పిడుల మీంచి చెయ్యి తియ్యొద్దు," అని సెక్రటరీగారు మరీ మరీ చెప్పారు. నా వంతు కుర్చీ వెనక్కి వెళ్ళి చేతులు చాస్తే గాలి తగిలింది. పిడుల్లేవు. ఉండాల్సిన చోట గొట్టాలు కోసి, అంచులు నున్నగా అరగదీసి, రబ్బరు మూతలు పెట్టి ఉన్నాయి.

"వెతక్కు బాబాయ్, దొరకవు. నేనే కోసేశాను," అంది కుర్చీలోని మనిషి, వెనక్కి తిరక్కుండానే.

"ఎందుకమ్మా?"

"దారినపోయే ప్రతివాడూ పుణ్యం కోసం తోసేస్తుంటే, కూరలకని బయల్దేరి మందుల కొట్లో తేలేదాన్ని."

వీధిలో ఆమెను మిక్సీ అక్క అంటారు. ఇంటి ముందుగదే ఆమె మిక్సీల రిపేరు షాపు. బల్ల కాళ్ళు కోయించి తన ఎత్తుకి దించుకుంది. గోడకి మేకులు కూడా ఆమె చెయ్యి అందినంత వరకే. ఆ పైన గోడంతా బోసిగా ఉంటుంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి కాళ్ళు పడిపోతే, "నీకెందుకే, నేను లేనూ?" అంటూ పెంచింది వాళ్ళక్క. పెళ్ళీడు దాటినా జడ కూడా అక్కే వేసేది. ఓరోజు ఈవిడ జడ కత్తిరించేసుకుని, ఇంట్లో మూలపడ్డ మిక్సీని ఒళ్ళో పెట్టుకుని విప్పడం మొదలెట్టింది. అక్క అలిగి మాటలు మానేసింది. మానేసి, ఇరుగుపొరుగు ఇళ్ళలో పాడైన మిక్సీలన్నీ మోసుకొచ్చి ఈవిడ ముందు పడేయడం మొదలెట్టింది. "నోరు మూసుకుంది గానీ మా అక్క చేతులు ఊరుకోవుగా," అని నవ్వింది.

పోయినేడూ ఈ షికారుకి వచ్చిందట, పడవ ఎక్కాలని. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని కుర్చీని మడిచి వ్యానులో పెట్టి తాళం వేశారట. రోజంతా పడవలు చూస్తూ కూర్చుంది. ఒంటికి పోవాలన్నా ఎవర్నో బతిమాలుకోవాల్సి వచ్చింది.

"ఈసారి పడవెక్కకుండా ఇంటికెళ్తే ఒట్టు," అంది.

పడవలు ఆగే చెక్కవంతెన మొదట్లోనే సెక్రటరీగారు అడ్డం నిలబడ్డారు. "కుర్చీలవాళ్ళు ఒడ్డునే అనుకున్నాం కదమ్మా! రేపేదన్నా అయితే జవాబెవరు చెప్పాలి?"

"నేను చెప్తా. మునిగేది నేనేగా."

పడవవాడు తల గోక్కున్నాడు. "మనిషికి చోటుంది గానీ కుర్చీ పట్టదక్కా."

"కుర్చీకెందుకు షికారు? దాన్నిక్కడే ఉండనీ."

బ్రేకు వేసింది. కుర్చీలోంచి చెక్కల మీదికి దిగి, రెండరచేతులూ ఆనించి, నడుముతో ముందుకి జరగడం మొదలెట్టింది. చుట్టూ ఉన్న వాలంటీర్లందరూ ఒక్కసారి వంగారు. నా చేతులూ లేచాయి.

"ముట్టుకుంటే కరుస్తా," అంది.

"అయ్యయ్యో, అలా పాకుతూనా? చూసేవాళ్ళకి బావుండదమ్మా," అన్నారు సెక్రటరీగారు.

"బావుండకపోతే అటు తిరగండి సార్. అటువైపూ బోలెడు సరస్సుంది." నావైపు చూసింది. "బాబాయ్, సాయం చెయ్యాలని మహా ఉబలాటంగా ఉన్నట్టుందే! ఆ కుర్చీని జానెడు కూడా కదలనీకు. అది లేకపోతే నేను మళ్ళీ బెంచీ మీద బొమ్మనే."

పడవవాడు పడవని వంతెనకి అదిమి పట్టుకున్నాడు. ఆమె అంచు మీంచి లోపలికి దొర్లింది. లైఫ్ జాకెట్ తగిలించుకుని, ముందు బల్లెక్కి, మాకందరికీ వీపు చూపిస్తూ వెళ్ళిపోయింది.

ఇంతలో గ్రూపు ఫొటో అన్నారు. కుర్చీలన్నీ వంతెన ముందు వరసలోకి వచ్చాయి. "మధ్యలో ఈ ఖాళీ కుర్చీ ఏంటండీ, వ్యానెక్కించండి," అన్నారు సెక్రటరీగారు.

"కదలదండీ," అన్నాను.

"ఏంటీ?"

"ఆమె వచ్చేదాకా కదలదు. కావాలంటే ఫొటోనే అప్పటిదాకా ఆపండి."

"మీక్కూడా అంటుకుందా!" అని ఆయన కుర్చీ మీద చెయ్యి వేశారు. నేను చక్రానికి అడ్డంగా నిలబడ్డాను. ఆయన నన్ను తోసెయ్యనూ లేక, వదిలెయ్యనూ లేక, ఫొటో వరసనే పక్కకి జరిపించారు.

పడవ తిరిగొచ్చింది. బట్టలు మోకాళ్ళదాకా తడిసి, అరచేతులు గీరుకుపోయి, ఎలా వెళ్ళిందో అలాగే జరుగుతూ వచ్చింది. పెట్టిన చోటే ఉన్న కుర్చీని పైనుంచి కిందిదాకా చూసింది. ఎక్కి కూర్చుని, ఆయాసం తీర్చుకుని, బ్రేకు తీసింది.

అప్పటికే ఒడ్డున వేసిన వేదిక మీద, మైకులో సెక్రటరీగారి గొంతు మారిపోయింది. "ధైర్యానికి మారుపేరైన మన సోదరిని జ్ఞాపిక అందుకోవడానికి వేదిక మీదికి..." అందరూ చప్పట్లు కొడుతూ వేదికవైపు తిరిగారు. నేనూ తిరిగాను.

మళ్ళీ ఇటు చూసేసరికి ఆమె గేటు దాటుతోంది. మైకు ఇంకా పిలుస్తూనే ఉంది. మలుపు దగ్గర లారీ ఒకటి పోయేదాకా ఆగి, రోడ్డెక్కి, నావైపు ఒక్కసారి కూడా చూడకుండా బస్సులు ఆగే వైపు వెళ్ళిపోయింది.