సముద్రస్నానం చేసిన వీల్‌కప్పులు

ఇన్నేళ్ళూ ఇది రాయకపోవడానికి కారణం సిగ్గు కాదు, అక్షరాలు రాకపోవడం. అవి నాకు అరవై దాటాక, మనవరాలి పలక మీద వచ్చాయి. రాగానే నా పేరు కంటే ముందు నేను చేసిన ఘనకార్యమే రాయాలనిపించింది. దాని దెబ్బకు మా ఆయన కొంచెంలో మళ్ళీ పడవెక్కేవాడు.

నేను మావా అని పిలిచే మా ఆయన చేపలవాళ్ళ బిడ్డే. కానీ పడవ కదిలితే చాలు, తిన్నదంతా సముద్రానికి అప్పజెప్పేవాడు. అందుకే అల్లూరులో రేకుల పని నేర్చుకున్నాడు. పందొమ్మిదొందల అరవైల తొలినాళ్ళలో, నెల్లూరులో కార్లు బాగుచేసే షెడ్డు యజమాని తన పాత కారు చక్రాలకు మూతల్లా బిగించే వీల్‌కప్పులు నాలుగు ఇచ్చాడు. రెండింటి మీద సూర్యకిరణాల్లాంటి గీతలున్నాయి. మిగతా రెండూ బోర్లించిన మూకుళ్ళలా నున్నగా ఉన్నాయి.

"నాలుగూ ఒకే తీరుగా చేసిస్తే షెడ్డులో పనిస్తా. లేదంటే మీ నాయన పడవ ఉండనే ఉండాది" అన్నాడు.

మావ నున్నటివాటి మీద కూడా కిరణాలు కొట్టి, మద్రాసులో నాలుగింటికీ క్రోమ్ పూత వేయించి తెచ్చాడు.

ఆ మెరుపు ఏమని చెప్పను. కప్పుకొక ఆకాశం. నడుమ బూరెలాంటి నా ముఖం. మబ్బులు ఒక చెవిలో దూరి రెండో చెవిలోంచి నింపాదిగా వెళ్ళిపోయేవి. చూస్తూ చూస్తూ అన్నం మాడ్చాను.

మా వాడలో కొత్త వలైనా, తెడ్డైనా సముద్రంలో ముంచి, పసుపు బొట్టు పెట్టాకే వాడతాం. ఇంత అందగత్తెలకు ఆ మర్యాద వద్దా? మావ ఇంట్లో లేనప్పుడు నాలుగింటినీ అలల్లో ముంచాను. బిందెల్లా ఇసుకతో తోమి, బొట్లు పెట్టి, ఒడ్డునే ఆరబెట్టి, అలల జోలకు కునుకు తీశాను.

రెండ్రోజులకు పూత మీద ఇసుక గీసిన గీతల్లోంచి తుప్పు తొంగిచూసింది.

"ఏందే ఇది?"

"పసుపేమో మావా."

"పసుపైతే గీకితే పోవాల గదా."

"నాలుగూ ఒకే తీరుగా ఉండాలన్నాడు గదా. ఉండాయి చూడు."

మావ నవ్వలేదు. గోడకు ఆనించిన తెడ్డు వైపు చూశాడు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. తుప్పును చింతపండుతో రుద్ది, పడవలకు పూసే సొరచేప నూనె పట్టించాను. మళ్ళీ అద్దాలయ్యాయి. యజమాని వచ్చి, కారుకు బిగించుకుని, తృప్తిగా వెళ్ళాడు.

సాయంత్రం మళ్ళీ దిగాడు.

"ఏం పూసినావబ్బయా? కారు యాడ ఆపినా పిల్లులు చుట్టుకుంటుండాయి."

"మా ఇంటిది, అయ్యా..." మావ తల వంచుకున్నాడు.

"తెలస్తానే ఉండాదిలే. కిరణాలు పాతవేవో, నువ్వు కొట్టినవేవో నాకే తెలీలా. రేపట్నుంచి షెడ్డుకు రా. ఆయమ్మను మాత్రం నా కారు దగ్గరికి రానీబాక."

ఆ సముద్రం సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, ఈ జన్మలో ఇక ఇనుముకు సముద్రస్నానం చేయించనని.

మర్నాడు పొద్దున మావ కొత్త సుత్తితో షెడ్డుకు బయల్దేరబోతుంటే, అది అడిగి తీసుకుని ఒడ్డుకు వెళ్ళాను. ఒట్టు తప్పలేదు. కొయ్యపిడి ఒక్కటే ముంచాను.